గోడల మధ్య ఆకాశం

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం

సభాధ్యక్షులకు, ప్రధానోపాధ్యాయులకు, తొంభై ఏళ్ల వయసులో మా మాట మన్నించి వచ్చి ముందు వరసలో కూర్చున్న మా సైన్సు మాస్టారికి, అన్ని బ్యాచ్‌ల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, భోజనాల పందిరి వైపు చూస్తున్న పిల్లలకు నమస్కారం.

మన కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "అన్నయ్యా, మీరు నలభై ఏళ్లు ఏం పని చేశారో ఊళ్లో ఎవరికీ తెలీదు. అరగంటలో అర్థమయ్యేలా చెప్పండి" అన్నాడు. అరగంట ఎక్కువే. అర్థమయ్యేలా అన్నదే ఇబ్బంది. మా అమ్మకే నేను సరిగ్గా చెప్పలేకపోయాను. సెలవులకి వచ్చినప్పుడల్లా, "ఇంతకీ నువ్వు చేసే పనేంట్రా?" అని అడిగేది. ఒకసారి, "ఆకాశం పైన జరిగేదాన్ని కింద గదిలో చేసి చూస్తామమ్మా" అన్నాను. చేటలో బియ్యం ఏరుతున్నదల్లా తలెత్తి, "పైన జరిగేది పైనే చూడరాదూ?" అంది.

ఆ తర్వాత ఎన్నో సెమినార్లలో ఎందరో పెద్దలు నన్ను ప్రశ్నలు అడిగారు. అంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇవాళ్టి నా ప్రసంగం ఆవిడకి బాకీ పడ్డ జవాబు అనుకోండి.

ముందు పైన జరిగేదేమిటో చెబుతాను. నార్వే, అలాస్కా లాంటి చోట్ల చలికాలం రాత్రుళ్లు ఆకాశంలో ఆకుపచ్చ తెరలు కదులుతుంటాయి. వాటిని ధ్రువకాంతులంటారు. మన వైపు కనిపించవు కానీ, ఇప్పుడు ఫోన్లలో అందరూ చూసే ఉంటారు. పై నుంచి ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత క్షేత్రం వెంట కిందికి దూసుకొచ్చి, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున గాలి అణువులకు తగులుతాయి. తగిలిన అణువులు వెలుగుతాయి. మన ఇళ్లలో దూరదర్శన్ చూసిన పాత డబ్బా టీవీ గుర్తుందా? అందులోనూ ఇదే సంగతి. వెనక ఎలక్ట్రాన్ గన్ను, ముందు తెర. ఎలక్ట్రాన్ తగిలిన చోట తెర వెలుగుతుంది. ధ్రువాల దగ్గర పై గాలే తెర.

మరి పైనే చూడవచ్చు కదా? చూడవచ్చు. చూశారు కూడా. కానీ ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయో, ఎంత వేగంతో వచ్చాయో మన చేతిలో లేదు. వాన పడితే పొలం తడుస్తుంది. ఎంత నీటికి ఎంత లోతు తడిసిందో తెలియాలంటే మాత్రం మనమే బిందెతో కొలిచి పోసి చూడాలి. అందుకని శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ గన్నునే రాకెట్‌లో పెట్టి పైకి పంపారు.

అలా మొదటిసారి కృత్రిమంగా ధ్రువకాంతిని వెలిగించింది 1969 జనవరి 26న. అమెరికాలో వాలప్స్ ద్వీపం నుంచి విల్మాట్ హెస్ బృందం ఏరోబీ రాకెట్‌ని పంపింది. ఆ తేదీ ఎందుకు గుర్తుందంటే, ఆ రోజు మన బడిలో జెండా ఎగరేశాం. నేను ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మార్చ్‌పాస్ట్‌లో కాలు తప్పి డ్రిల్లు మాస్టారి చేత చీవాట్లు తిన్నాను. మనం బిళ్లలు పంచుకున్న తారీఖునే ప్రపంచంలో ఇంకోమూల ఒక రాకెట్ కిందికి ఎలక్ట్రాన్లు చిమ్మింది. నేల మీద పెట్టిన సున్నితమైన టీవీ కెమెరాల్లో సన్నటి వెలుగు గీతలు కనిపించాయి. ఆ సంగతి నాకు తెలియడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

ఇందులో ఒక చిక్కుంది. పిల్లలు జాగ్రత్తగా వినండి, ఇది మీ పాఠంలోదే. ఎలక్ట్రాన్ మీద రుణావేశం ఉంటుంది. రాకెట్ దేనినీ ఆనుకోకుండా గాలిలో ఉంది. దానిలోంచి ఎలక్ట్రాన్లు బయటికి పోతే రాకెట్ ధనావేశంతో మిగులుతుంది. ధనావేశం ఎలక్ట్రాన్లను వెనక్కి లాగుతుంది. హెస్ వాడిన గన్ను అర ఆంపియరు దాకా పంపగలదు. ఆ లెక్కన, చుట్టుపక్కల నుంచి ఎలక్ట్రాన్లు తిరిగి రాకపోతే, సెకనులో వెయ్యో వంతు గడవకముందే రాకెట్ వేల వోల్టులకు ఎక్కి, వదిలిన పుంజం మళ్లీ దాని నెత్తినే పడుతుంది. అందుకే హెస్ బృందం అల్యూమినియం పూత ఉన్న పల్చటి షీటుని గొడుగులా పైన విప్పింది, ఐనావరణంలోని ఎలక్ట్రాన్లను పోగు చేసి లోటు పూడ్చడానికి.

ఆ తర్వాత చాలా రాకెట్లు వెళ్లాయి. 1970 ఆగస్టులో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన విన్‌క్లర్ ఎకో రాకెట్‌తో మొదలుపెట్టారు. ఆయన వదిలిన ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖ వెంట దక్షిణార్ధగోళం దాకా పోయి, అక్కడి నుంచి తిరిగొచ్చాయి. బావిలో కేక పెడితే తిరిగొచ్చినట్టు. అందుకే ఆ పేరు. 1975లో ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ కలిసి దక్షిణ హిందూ మహాసముద్రంలోని కెర్గెలెన్ ద్వీపం నుంచి రెండు రాకెట్లు పంపాయి. అదే అయస్కాంత రేఖ రెండో కొస రష్యా ఉత్తరాన ఆర్ఖాంగెల్స్క్ ప్రాంతంలో దిగుతుంది. ఆ రెండింటిలో మొదటిది వెళ్లింది కూడా జనవరి 26నే!

ఈ రాకెట్లు జవాబులతో పాటు చిక్కు ప్రశ్నలూ తెచ్చాయి. లెక్క ప్రకారం రాకెట్ వేల వోల్టులకు ఎక్కాలి. చాలాసార్లు అంత ఎక్కలేదు. గొడుగు లేని రాకెట్ల నుంచి కూడా పుంజం హాయిగా బయటికి పోయింది. లోటు ఎవరు పూడుస్తున్నారు? గన్ను పేలినప్పుడు రాకెట్ చుట్టూ వెలుగు ఎందుకు వస్తోంది? అడగడానికి వీల్లేదు. రాకెట్ పైన ఉండేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాల్లో నూరు కొలతలు తీసుకుని సముద్రంలో పడిపోతుంది. "ఏదీ, ఇంకొక్కసారి కరెంటు కాస్త తగ్గించి చూద్దాం" అనడానికి లేదు. మా అమ్మ ప్రశ్నకి మొదటి జవాబు ఇదీ. పైన ఒక్కసారే చూడగలం. కింద వందసార్లు చూడగలం.

కింద చూడటం కొత్త ఆలోచన కాదు. రాకెట్లు పుట్టక ముందే నార్వేలో క్రిస్టియాన్ బిర్కెలాండ్ ఆ పని చేశారు. గాలిలోని నత్రజనిని విద్యుత్ మంటతో ఎరువుగా మార్చే పద్ధతి కనిపెట్టిన ఇద్దరిలో ఆయన ఒకరు. మన రైతులకి ఆయన పేరు తెలియకపోయినా ఆ దారి తెలుసు. ఆయన ఒక లోహపు గోళంలో విద్యుదయస్కాంతం పెట్టి, పైన ఎలక్ట్రాన్ తగిలితే మెరిసే పూత పూశారు. దాన్ని గాలి తీసేసిన గాజు పెట్టెలో వేలాడదీసి దాని మీదికి ఎలక్ట్రాన్లు వదిలారు. గోళం రెండు ధ్రువాల చుట్టూ వెలుగు ఉంగరాలు కట్టింది. అచ్చం భూమి మీద ధ్రువకాంతులు కట్టే చోటే. ఆ గోళాన్ని టెరెల్లా, అంటే బుల్లి భూమి, అంటారు. ఆయన చేయించిన చివరి పెట్టెల్లో పెద్దదానిలో వెయ్యి లీటర్ల చోటు ఉండేది. మన ఇళ్ల మీద పెట్టుకునే నీళ్ల ట్యాంకంత.

బిర్కెలాండ్ చెప్పినవాటిలో సగం నిలిచాయి. అయస్కాంత రేఖల వెంట ఆకాశంలో విద్యుత్ ప్రవహిస్తుందని ఆయనన్నారు. చాలామంది నమ్మలేదు. ఆయన 1917లో పోయారు. 1960లు, 70లలో ఉపగ్రహాలు వెళ్లి కొలిస్తే ఆ ప్రవాహాలు ఉన్నాయి. ఇప్పుడు వాటిని బిర్కెలాండ్ ప్రవాహాలనే అంటారు. మరి తప్పిందేమిటి? పెట్టెలో ఎలక్ట్రాన్లను పక్క నుంచి గన్నుతో కొట్టారు కాబట్టి, నిజంగానూ సూర్యుడు ఎలక్ట్రాన్ల పుంజాన్ని సూటిగా భూమి మీదికి కొడుతున్నాడు అనుకున్నారు. అది కాదు. సూర్యుడి నుంచి వచ్చేది రెండు రకాల ఆవేశాలూ సమంగా ఉన్న గాలి. ఎలక్ట్రాన్లకు ఆ వేగం భూమి దగ్గరే, మన అయస్కాంత క్షేత్రం పరిధిలోనే వస్తుంది. ఉంగరాలు ఎక్కడ కడతాయో పెట్టె సరిగ్గా చెప్పింది. ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం చెప్పలేదు. గన్నుని పెట్టిన చోటు మనం పెట్టిందే కదా. నమూనా ఏ ప్రశ్నకి జవాబివ్వగలదో, ఏ ప్రశ్నకి ఇవ్వలేదో తెలుసుకోవడమే మా విద్యలో సగం.

ఇక 1970ల చివరికి వద్దాం. అమెరికాలో హ్యూస్టన్‌లో జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో ఛాంబర్ ఏ అని ఒకటుంది. అపోలో నౌకను పరీక్షించడానికి కట్టిన మహా పెట్టె. లోపల సుమారు 17 మీటర్ల వెడల్పు, 27 మీటర్ల ఎత్తు. ఈ మధ్య 2017లో జేమ్స్ వెబ్ దూరదర్శినిని పరీక్షించింది కూడా అందులోనే. రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియమ్ బెర్న్‌స్టైన్, మరికొందరు కలిసి ఆ పెట్టెలో ఎలక్ట్రాన్ గన్ను పెట్టారు. అంత పెద్దది ఎందుకంటే, రెండు వేల వోల్టుల ఎలక్ట్రాన్ భూమి క్షేత్రానికి రెట్టింపు బలమున్న క్షేత్రంలో మెలికలు తిరుగుతూ పోతుంటే, ఒక్క మెలిక పూర్తయ్యేసరికి సుమారు పది మీటర్లు ముందుకు పోతుంది. చిన్న పెట్టెలో ఒక్క మెలిక పడక ముందే గోడ వచ్చేస్తుంది. అక్కడ గన్నుకీ, ఎదుటి పలకకీ మధ్య సుమారు 20 మీటర్లు. లోపలి గాలిని నేల మీది ఒత్తిడిలో పది కోట్లో వంతుకి, అంతకన్నా తక్కువకీ తెచ్చారు. ఆకాశంలో 120, 150 కిలోమీటర్ల ఎత్తున ఉండేది అంతే.

కరెంటు తక్కువగా ఉన్నప్పుడు పుంజం సన్నగా, మెలికల దగ్గర ముడులు పడుతూ, పుస్తకంలో గీసినట్టే కనిపించింది. కొంచెం కొంచెంగా పెంచుతూ పోయారు. ఒక హద్దు దాటగానే సన్న గీత మాయమై, దాని చోట లావుపాటి వెలుగు స్తంభం నిలబడింది. మెల్లమెల్లగా కాదు, ఒక్కసారిగా. దానిని పుంజ-ప్లాస్మా ఉత్సర్గం అంటారు. పేరుని భయపడకండి. చెరువు మీద గాలి వీస్తే అలలు లేస్తాయి కదా. అలాగే పుంజం గాలి అణువులను కొట్టి కొన్ని ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి తగినన్ని పోగవగానే పుంజం వాటిలో అలలు లేపుతుంది. ఆ అలలు ఊరికే ఉన్న ఎలక్ట్రాన్లను తోస్తాయి. తోసినవి మళ్లీ అణువులను కొడతాయి. ఇంకా ఎలక్ట్రాన్లు, ఇంకా అలలు. ఇక ఆగదు.

ఇలాంటి ఉత్సర్గాన్ని ఎం.ఐ.టి.లో 1960ల్లోనే చిన్న గొట్టాల్లో చూశారు. హ్యూస్టన్ వాళ్లు చేసింది ఆ హద్దు ఎక్కడుందో ఆకాశానికి దగ్గరి పరిస్థితుల్లో కొలవడం. వోల్టేజి పెరిగితే హద్దు పైకి పోతుంది. గాలి ఒత్తిడి, పుంజం పొడవు, అయస్కాంత క్షేత్రం పెరిగితే కిందికి వస్తుంది. దాంతో రాకెట్ల చిక్కులో ఒక పెద్ద ముడి విప్పుకోవడానికి దారి దొరికింది. తగిన ఒత్తిడిలో, తగిన కరెంటు వదిలితే, రాకెట్ తన చుట్టూ తానే ప్లాస్మా తయారు చేసుకుంటుంది. ఆ ప్లాస్మాలోని ఎలక్ట్రాన్లే లోటు పూడుస్తాయి. వెలుగూ అక్కడిదే.

ఇప్పుడు నా సంగతి. వాల్తేరు యూనివర్సిటీలో ఐనావరణం మీద పరిశోధన అప్పటికే రెండు దశాబ్దాలుగా గట్టిగా సాగుతుండేది. నేను ఎమ్మెస్సీ అక్కడే చేశాను. ఆ తర్వాత ఉత్తరాదిన ఒక పరిశోధనాలయంలో చేరాను. అక్కడ మా పెట్టె పొడవు రెండు మీటర్లు. హ్యూస్టన్ వాళ్ల దానిలో పదో వంతు. కాబట్టి మెలిక పట్టాలంటే అయస్కాంత క్షేత్రం పదింతలు చేయాలి. రాగి తీగ చుట్టలు మేమే చుట్టుకున్నాం. గన్నుకి టంగ్‌స్టన్ ఫిలమెంటు. వారానికొకటి తెగేది. పంపు రాత్రింబవళ్లు తిరగాలి. కరెంటు పోతే రెండు రోజుల పని పోయినట్టే. అందుకని పెట్టె పక్కనే మంచం వేసుకుని పడుకునేవాణ్ణి.

ఒక రాత్రి రెండు దాటాక మా సన్న గీత కూడా ఉబ్బి లావెక్కింది. కిటికీ గాజులోంచి నీలి ఊదా రంగు వెలుగు. గదిలో లైటార్పి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పెళ్లిలో మొదటిసారి తెర తీసినప్పుడు కూడా అంత ఆత్రంగా చూడలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

తర్వాత పన్నెండు రాత్రులు ఆ హద్దు కొలిచాను. ఒక వింత కనిపించింది. పుంజం ఎంతసేపు వెలిగితే, ఆ హద్దు అంత కిందికి దిగుతోంది. గ్రాఫు గీస్తే చక్కటి సరళరేఖ. ప్లాస్మాకి జ్ఞాపకం ఉంటుందని, ముందటి పుంజం జాడ మిగిలి తర్వాతి దానికి దారి సులువు చేస్తోందని ఒక వివరణ అల్లాను. ఇంతవరకు ఎవరూ చెప్పనిది. వ్యాసం టైపు చేయించాను, మూడు కార్బన్ కాపీలతో. కవరు మీద స్టాంపులు కూడా అంటించాను.

మా గైడు గ్రాఫు చూసి మెచ్చుకున్నారు. రెండోసారి చూసి, "గోడల్ని అడిగావా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన విడమరచలేదు. వెళ్లి ఆలోచించుకున్నాను. ఏ లోహపు గోడ మీదైనా కంటికి కనపడని తేమ పొర ఉంటుంది. పుంజం ఎదుటి పలకని కొడుతున్నకొద్దీ పలక వేడెక్కుతుంది. ఆ తేమ ఆవిరై పుంజం దారిలోకే వస్తుంది. అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే హద్దు దిగుతుందని ముందే తెలుసు కదా! నా ప్రెషర్ గేజి ఎక్కడుంది? రెండో కొసన, పంపు పక్కన. దానికి ఈ సంగతే తెలియదు. అది నిజాయితీగా తన దగ్గరున్న ఒత్తిడినే చెప్పింది.

అనుమానం వచ్చింది కానీ రుజువు లేదు. పెట్టె చుట్టూ హీటరు టేపులు చుట్టి రోజుల తరబడి వేడి చేసి గాలి తోడాలి. పలక మార్చాలి. గేజి జరపాలి. మొత్తం మళ్లీ కొలవాలి. అంటే నెలల పని. నా ఫెలోషిప్పు ఇంకో నాలుగు నెలల్లో ముగుస్తుంది. ఇంటి దగ్గర చెల్లెలి పెళ్లి. ఇక్కడ కవరు సిద్ధంగా ఉంది. పంపితే అచ్చవుతుందేమో కూడా. రెండు మీటర్ల పెట్టెని మళ్లీ కట్టి నా లెక్క సరిచూసేవాడు లోకంలో ఎంతమంది?

ఆ రాత్రి నాకు మన బడి ల్యాబు గుర్తొచ్చింది. అబద్ధం ఆడటం లేదు, ఆయన ఎదురుగానే ఉన్నారు. లోలకం ప్రయోగం. గురుత్వ త్వరణం 980 రావాలి. అందరికీ తెలుసు, పుస్తకంలో ఉంది. నాకు 941 వచ్చింది. పక్కవాడికి 1,020. ఇద్దరం రికార్డులో 979 అని రాసేశాం. మాస్టారు రికార్డు తిరగేసి, "ఏదీ, నీ రీడింగుల కాయితం?" అన్నారు. లెక్క కట్టి చూశారు. కొట్టలేదు. "రావలసింది నాకు తెలుసురా. పుస్తకంలో ఉంది. నీకు వచ్చింది నీ ఒక్కడి దగ్గరే ఉంది. నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?" అన్నారు. 941 అనే రాయించి, దారం ఎక్కడ కట్టానో చూపించమన్నారు. ముడి జారుతోంది. పొడవు కొలిచినప్పుడు ఒకటి, ఊగినప్పుడు ఇంకొకటి. ఆ తప్పు నేనే పట్టుకున్నాను. రికార్డుకి పదికి తొమ్మిది వేశారు.

కవరు మీద స్టాంపులు ఆవిరికి పట్టి ఊడదీశాను. ఇంటికి ఉత్తరాలు రాయడానికి పనికొచ్చాయి. పెట్టె వేడి చేశాం, పలక మార్చాం, గేజిని పుంజం పక్కకి తెచ్చాం. సరళరేఖ పోయింది. ప్లాస్మాకి జ్ఞాపకమూ లేదు, గిజ్ఞాపకమూ లేదు. నా థీసిస్ ఏడాదిన్నర ఆలస్యమైంది. బావగారి దగ్గర చేబదులు తీసుకుని గడిపాను. థీసిస్‌లో గోడల నుంచి వచ్చే వాయువు మీద ఒక అధ్యాయం రాశాను. ఎవరూ పొగడలేదు కానీ, తర్వాత ఆ పెట్టె మీద పనిచేసిన కుర్రవాళ్లంతా ముందు అది చదివి గేజి ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకునేవారు. నలభై ఏళ్లలో నేను రాసినవాటిలో ఎక్కువ ఉపయోగపడింది అదేనని నా నమ్మకం.

గోడల సంగతి ఇంకొకటి చెప్పి ముగిస్తాను. మా పెట్టెలో వెలుగు నీలంగా, ఊదాగా ఉండేదన్నాను. అది నత్రజనిది. ధ్రువకాంతుల్లో అందరూ మెచ్చే ఆకుపచ్చ మా దగ్గర రాలేదు. ఎందుకని? ఆ ఆకుపచ్చ ఆక్సిజన్ పరమాణువు ఇస్తుంది. ఎలక్ట్రాన్ దెబ్బ తగిలాక అది వెంటనే వెలగదు. సగటున ముప్పావు సెకను ఆగుతుంది. ఈలోగా దేనికైనా తగిలితే తీసుకున్న శక్తి అక్కడే వదిలేస్తుంది, వెలుగు రాదు. ముప్పావు సెకనులో ఆ పరమాణువు వందల మీటర్లు పోగలదు. మా పెట్టె రెండు మీటర్లు. వెలిగే లోపల అది గోడలకు వందల సార్లు తగులుతుంది. హ్యూస్టన్ పెట్టె కూడా దానికి చాలదు. ఇక ఎర్ర రంగు వెలుగుకి సుమారు రెండు నిమిషాలు ఆగాలి. ఎవరూ అడ్డం రాని చోటు కావాలి. అందుకే అది ఆకాశంలో కూడా 200 కిలోమీటర్లు దాటాకే బాగా కనిపిస్తుంది.

పెట్టె చిన్నదైతే క్షేత్రాన్ని పెంచాం. దూరం తగ్గితే ఒత్తిడి పెంచాం. కానీ ఆ పరమాణువు ఆగే ముప్పావు సెకనుని తగ్గించడం ఎవరి తరమూ కాదు. అది మన కొలబద్దకి ఒదగదు. మా అమ్మ ప్రశ్నకి రెండో జవాబు ఇదీ. పైన చూడక తప్పదు. కింద కూడా చూడక తప్పదు. ఒకదాని తప్పు ఇంకొకటి పడుతుంది.

అలాగే జరిగింది. 1982 మార్చిలో కొలంబియా షటిల్ వెయ్యి వోల్టులు, 100 మిల్లీ ఆంపియర్ల ఎలక్ట్రాన్ గన్నుతో వెళ్లింది. ఆ పరికరాల నమూనాలను ముందు హ్యూస్టన్ పెట్టెలోనే పరీక్షించారు. షటిల్ ఒంటి నిండా పెంకులే, విద్యుత్తు పోనివ్వనివి. బయటికి కనిపించే లోహం ప్రధానంగా వెనక ఇంజిన్ల గొట్టాలే. ఎలక్ట్రాన్లు తిరిగి రావడానికి దారి అంతవరకే. ఆ దారి ఎటు తిరిగి ఉందన్న దాన్ని బట్టి నౌక ఎన్ని వోల్టులకు ఎక్కుతుందో మారింది. ఇది కింద పెట్టెలో తెలిసే సంగతి కాదు. మళ్లీ 1992 మార్చిలో, జపాన్ శాస్త్రవేత్త ఒబయాషి చాలా ఏళ్ల కిందట తలపెట్టిన ప్రయోగం షటిల్ నుంచి ఎలక్ట్రాన్లు వదిలి కింది గాలిలో ధ్రువకాంతిని వెలిగించింది. ఈసారి దాన్ని పై నుంచే కెమెరాతో చూశారు.

ఇదంతా ఎందుకు అంటే, మన టీవీ, మన ఫోను, మన తుపాను హెచ్చరిక అన్నీ ఇవాళ ఉపగ్రహాల మీద నడుస్తున్నాయి. అవి ఎలక్ట్రాన్ల వానలోనే తిరుగుతుంటాయి. ఏ ఉపగ్రహం ఒంటి మీద ఎక్కడ ఎంత ఆవేశం పోగవుతుందో, ఎక్కడ నిప్పురవ్వ ఎగురుతుందో ముందే తెలియాలి. ఆ తెలివిడి ఇలాంటి పెట్టెల దగ్గర, ఇలాంటి రాకెట్ల దగ్గర మొదలైంది. మన శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్ 1971 అక్టోబరు 9న ఎగిరింది. తిరుపతి దగ్గర గాదంకిలో పై గాలిని వినే పెద్ద రాడార్ ఉంది. పిల్లలూ, అవి రెండూ మీకు దూరం కాదు.

ఆఖరుగా ఒక్క మాట. నిన్న సాయంత్రం మన బడి సైన్సు ల్యాబు చూడటానికి వెళ్లాను. తాళం వేసి ఉంది. అటెండరు తాళంచెవి వెతికి తెచ్చాడు. లోపల విరిగిన బెంచీలు, ఎన్నికలప్పటి పెట్టెలు. మూలన లోలకం స్టాండు ఉంది, గుండు లేదు. తప్పు ఎవరిదీ అనను. గది చాలదు, మనిషి చాలడు. ఇప్పుడు పిల్లలు ప్రయోగాలు తెర మీద చూస్తున్నారు. తెరని నేను తక్కువ చేయను. నేను రిటైరయ్యేనాటికి మా పనిలో కూడా సగం కంప్యూటర్‌లోనే. కానీ తెర మీది లోలకానికి ఎప్పుడూ 980 వస్తుంది. దానికి దారం జారదు. అది రావలసిందే చూపిస్తుంది. వచ్చింది ఏమిటో అడిగే అవకాశం పిల్లవాడికి ఇవ్వదు.

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టాలని ఒక ప్రతిపాదన ఉందని విన్నాను. ఆర్చి మీద దాతల పేర్లు ఉంటాయి, అందంగా ఉంటుంది. కాదనను. కానీ ఆ గది తెరిచి, బెంచీలు వేయించి, పది లోలకాలు, పది స్టాప్‌వాచీలు, రెండు వోల్టామీటర్లు, ఒక చిన్న వాక్యూమ్ పంపు కొంటే ఖర్చు ఆర్చిలో సగం కూడా కాదు. వారానికి రెండు రోజులు నేనే వచ్చి కూర్చుంటాను, కాళ్లు ఆడినంత కాలం. కమిటీవారు రేపటి సమావేశంలో ఈ మాట చర్చకు పెట్టమని కోరుతున్నాను. నా వంతు చెక్కు కార్యదర్శికి ఇచ్చే ఉన్నాను. దాని మీద ఏమీ షరతు రాయలేదు. ఆర్చికి వాడినా మాట్లాడను.

మాస్టారూ, ఆ రికార్డు పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. ల్యాబు తెరిస్తే అందులో పెడతాను. 941 అని రాసిన పేజీ తెరిచి.

అరగంటకి నాలుగు నిమిషాలు ఎక్కువైంది. వచ్చింది వచ్చినట్టు చెబుతున్నాను. సెలవు. నమస్కారం.